ఫోన్ వేరు, సిమ్ వేరు

భారతదేశంలో మొబైల్ ఫోన్‌ను ఒక దుకాణంలో కొనడం, దానికి కావలసిన లైన్‌ను మరో కంపెనీ దగ్గర తీసుకోవడం తొలినుంచీ ఉన్న పద్ధతి. అమెరికాలో, జపాన్‌లో చాలాకాలం నెట్‌వర్క్ కంపెనీయే ఫోన్‌ కూడా అమ్మేది. రెండేళ్లు తన దగ్గరే ఉంటానని ఒప్పందం రాసిచ్చిన ఖాతాదారుకు ఫోన్‌ను తక్కువ ధరకిచ్చి, మిగతా సొమ్మును నెలవారీ బిల్లులో రాబట్టుకునేది. అలా ఇచ్చిన ఫోన్ వేరే కంపెనీ సిమ్‌తో పనిచేయకుండా తాళం వేసేది. భారతదేశంలో ఈ పద్ధతి వేళ్లూనుకోలేదు. ఇక్కడ అత్యధికులు ముందుగా డబ్బు కట్టి మాట్లాడుకునే ప్రీపెయిడ్ ఖాతాదారులు. ఒప్పందం లేని మనిషికి ఏ కంపెనీ మాత్రం ఫోన్ అరువిస్తుంది? అందుకే ఇక్కడ కొనేవారు పూర్తి ధర కట్టారు, దానికి బదులుగా సిమ్ మార్చుకునే స్వేచ్ఛ పొందారు. మూడు దశాబ్దాలలో ఈ స్వేచ్ఛకు అడ్డుతగిలే ప్రయత్నాలు పలుమార్లు జరిగాయి. ఫోన్ ఎంపిక చరిత్రలో ఎక్కువ భాగం ఆ ప్రయత్నాల కథే.

ఈ స్వేచ్ఛకు మూలం యూరప్‌లో రూపొందిన జీఎస్ఎమ్ ప్రమాణం. ఖాతాదారు ఎవరో, ఏ నంబరో తెలిపే గుర్తింపును ఫోన్‌లో కాకుండా విడిగా తీసి పెట్టుకోగల కార్డులో ఉంచాలని ఆ ప్రమాణం నిర్ణయించింది. 1991 జూలై 1న ఫిన్లాండ్‌లో తొలి జీఎస్ఎమ్ కాల్ జరిగింది. మ్యూనిక్ నగరంలోని గీసెకె అండ్ డెవ్రియెంట్ సంస్థ తయారుచేసిన తొలి సిమ్ కార్డులు ఆ ఏడాదే ఫిన్లాండ్ ఆపరేటర్ రేడియోలింజాకు చేరాయి. అవి అప్పట్లో బ్యాంకు కార్డంత ఉండేవి. తర్వాత గోరంతకు తగ్గినా వాటి పని మారలేదు. భారత ప్రభుత్వం తొలి సెల్యులార్ లైసెన్సులలో జీఎస్ఎమ్‌నే తప్పనిసరి చేసింది. సామాన్య వినియోగదారుకు అది చేసిన మేలు ఇంతా అంతా కాదు.

1995 జూలై 31న పశ్చిమబెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలోని కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడారు. దేశంలో తొలి మొబైల్ కాల్ అదే. మోదీ టెల్‌స్ట్రా కంపెనీ నెట్‌వర్క్ మీద, నోకియా ఫోన్‌తో ఆ సంభాషణ జరిగింది. మహానగరాల తర్వాత దేశాన్ని సర్కిళ్లుగా విభజించి, సర్కిల్‌కు ఇద్దరేసి ఆపరేటర్లకు లైసెన్సులిచ్చారు. ‘ఎ’ తరగతి సర్కిల్ అయిన ఆంధ్రప్రదేశ్‌లో ఆ ఇద్దరు టాటా సెల్యులార్, జేటీ మొబైల్స్. అంతకుముందు ఢిల్లీ నగర లైసెన్సు దక్కక టాటా సెల్యులార్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1994లో ఆ కేసులో వచ్చిన తీర్పును ప్రభుత్వ టెండర్లలో న్యాయస్థానాలు ఎంతవరకు జోక్యం చేసుకోవచ్చో తేల్చిన తీర్పుగా న్యాయవిద్యార్థులు ఇప్పటికీ చదువుతున్నారు. ఢిల్లీలో చోటు దొరకని ఆ కంపెనీ తెలుగునాట నిలదొక్కుకుంది.

ఆ రోజుల్లో మోడల్ ఎంచుకోవడం కన్నా మాట్లాడటమే ఖరీదైన వ్యవహారం. రద్దీ వేళల్లో నిమిషానికి 16 రూపాయల 80 పైసల దాకా పడేది. వచ్చిన కాల్‌కూ డబ్బు కట్టాలి. అందుకే చాలామంది నంబరు చూసుకుని, కాల్ కట్ చేసి, దగ్గర్లోని ఎస్టీడీ బూత్‌కు వెళ్లి తిరిగి చేసేవారు. మిస్డ్ కాల్ అనే మాట తెలుగు మాటల్లో కలిసిపోయింది ఈ లెక్కల వల్లే. 1999 కొత్త టెలికం విధానం కంపెనీల మీది స్థిరమైన లైసెన్సు ఫీజు స్థానంలో ఆదాయంలో వాటాను పెట్టింది. దాంతో పోటీకి దారి తెరుచుకుంది. జేటీ మొబైల్స్‌ను భారతి సంస్థ కొని ఎయిర్‌టెల్‌లో కలుపుకుంది. టాటా సెల్యులార్ బిర్లా, ఏటీ అండ్ టీ కూటమిలో చేరి 2002లో ఐడియా అనే పేరుతో వెలిసింది. అదే ఏడాది బీఎస్ఎన్ఎల్ సెల్‌వన్, హచ్ కూడా బరిలోకి దిగాయి. 2003 మే 1 నుంచి కాల్ చేసినవారే డబ్బు కట్టే పద్ధతి అమలై, వచ్చే కాల్‌కు ఛార్జీ పోయింది. సెల్ ఫోన్ సామాన్యుడి జేబులోకి వచ్చింది ఆ రోజునుంచే అంటే తప్పులేదు.

అప్పటికి కొనేవారి ముందు పెద్ద ఎంపికలేవీ లేవు. నోకియా, సీమెన్స్, ఎరిక్సన్, మోటరోలా దొరికేవి. దిగుమతి సుంకాలు ఎక్కువ కావడంతో బిల్లున్న ఫోన్, బిల్లులేని ఫోన్ అని రెండు ధరలుండేవి. హైదరాబాద్ ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ ఫోన్ల అమ్మకానికి, మరమ్మతుకు, పాత ఫోన్ల మారుబేరానికి పేరుపొందింది. 2003లో వచ్చిన నోకియా 1100 పరిస్థితి మార్చేసింది. దుమ్ము చొరబడని కీప్యాడ్, చెమటపట్టిన చేతిలో జారని వెనకభాగం, కరెంటు పోతే అక్కరకొచ్చే టార్చి లైటు దాని ప్రత్యేకతలు. ప్రపంచవ్యాప్తంగా 25 కోట్లకు పైగా అమ్ముడైన ఆ ఫోన్ ఏ సిమ్ వేసినా పలికేది. ఊళ్లో రైతు పొలం గట్టు మీద ఏ కంపెనీ టవర్ అందితే ఆ సిమ్ వేసుకున్నాడు. సిగ్నల్ మారితే సిమ్ మార్చాడు, ఫోన్ మాత్రం అదే.

ఫోన్‌నూ లైన్‌నూ కట్టిపడేసే మొదటి పెద్ద ప్రయత్నం సీడీఎమ్ఏ అనే మరో సాంకేతికత రూపంలో వచ్చింది. రిలయన్స్ ఇన్ఫోకామ్ 2002 డిసెంబర్ 28న, ధీరూభాయ్ అంబానీ జయంతి నాడు సేవలు ప్రారంభించింది. ఇళ్లకు తీగ లేకుండా టెలిఫోన్ ఇచ్చే బేసిక్ సర్వీసు లైసెన్సు కింద, పరిమిత సంచారం పేరుతో ఈ వ్యాపారం మొదలైంది. కోట్ల రూపాయలు పోసి సెల్యులార్ లైసెన్సులు కొన్నవారు కోర్టులకెక్కారు. 2003 నవంబర్‌లో ఏకీకృత లైసెన్సు విధానం రావడంతో ఆ గొడవ సద్దుమణిగింది. ఈలోగా 2003 వర్షాకాలంలో మాన్‌సూన్ హంగామా పేరుతో రిలయన్స్ 501 రూపాయలు కడితే చేతికి ఫోన్ ఇచ్చింది. మిగతా సొమ్ము నెలనెలా కట్టుకోవాలి. ఆటో నడిపేవారు, కూరగాయల బండివారు, మేస్త్రీలు తొలిసారి ఫోన్ పట్టుకున్నది ఆ పథకంతోనే. ఇంతమంది దగ్గరికి ఫోన్‌ను చేర్చిన ఘనత ఆ పథకానిదే.

అయితే ఆ ఫోన్లలో తీసి పెట్టే సిమ్ ఉండేది కాదు. నంబరును ఫోన్‌లోనే ఎక్కించేవారు. కంపెనీ నచ్చకపోతే ఫోన్ కూడా వదులుకోవాలి. అదే సాంకేతికతతో నడిచే టాటా ఇండికామ్ ఫోన్ సైతం రిలయన్స్‌లో నేరుగా పనిచేసేది కాదు. కంప్యూటర్‌కు తగిలించి ఫ్లాషింగ్ చేసే కుర్రాళ్లకు ఈ అడ్డంకి చేతినిండా పని కల్పించింది. మంచి మోడళ్లు కూడా ఆపరేటర్ తెప్పించినవే దొరికేవి. జీఎస్ఎమ్ వాడేవారికి వందల మోడళ్లుంటే సీడీఎమ్ఏ వాడేవారికి ఎల్‌జీ, శాంసంగ్ వంటి కొన్నే. 2008 చివర్లో రిలయన్స్, 2009 జూన్‌లో టాటా డొకోమో పేరుతో టాటాలు జీఎస్ఎమ్ వైపు వచ్చారు. సీడీఎమ్ఏ ఓటమికి కారణం సాంకేతిక లోపం కాదు. మాట స్పష్టత విషయంలో దాన్ని మెచ్చుకున్నవారు ఎందరో ఉన్నారు. ఫోన్ మార్చుకోలేని ఇబ్బందే దాన్ని దెబ్బతీసింది.

టాటా డొకోమో వస్తూనే సెకనుకు ఒక పైసా లెక్క తెచ్చింది. మిగతా కంపెనీలూ ఆ దారి పట్టక తప్పలేదు. ఒక్కో కంపెనీ ఒక్కో ఆఫర్ పెట్టడంతో రెండు కంపెనీల సిమ్‌లు దగ్గర ఉంచుకోవడం లాభసాటి అయింది. పొరుగు సర్కిల్‌లోకి అడుగుపెడితే రోమింగ్ ఛార్జీ పడేది కనుక చెన్నై, బెంగళూరులలో ఉద్యోగం చేసే తెలుగువారికి ఇంటి నంబరు ఒకటి, అక్కడి నంబరు ఒకటి ఉండేవి. రెండు సిమ్‌ల ఫోన్ అలా పుట్టిన అవసరం. నోకియా దాన్ని తేలిగ్గా తీసుకుంది. చైనా ఫోన్లు, మైక్రోమాక్స్, కార్బన్, లావా, హైదరాబాద్‌కు చెందిన సెల్‌కాన్ ఆ అవసరాన్ని గుర్తించాయి. వేలకు వేలు పెట్టలేనివారు రెండు సిమ్‌లు, పెద్ద శబ్దం, ఎక్కువ రోజులు నిలిచే బ్యాటరీ చూసి కొన్నారు. బ్రాండు పేరు వారికి పట్టింపు కాలేదు.

చైనా ఫోన్లలో చాలావాటికి ఐఎమ్ఈఐ అనే 15 అంకెల గుర్తింపు సంఖ్య ఉండేది కాదు, లేదా వేల ఫోన్లకు ఒకే సంఖ్య ఉండేది. నేరగాళ్ల ఆచూకీ దొరకదన్న భయంతో 2009 డిసెంబర్ నుంచి సరైన ఐఎమ్ఈఐ లేని ఫోన్లకు కాల్స్ ఆపేయాలని టెలికం శాఖ ఆదేశించింది. గడువుకు ముందు కొద్దిపాటి రుసుముతో నంబరు ఎక్కించే కేంద్రాల దగ్గర జనం బారులు తీరారు. ఫోన్ కొనేటప్పుడు *#06# నొక్కి ఆ సంఖ్య చూడటం అప్పటినుంచి అలవాటైంది.

స్మార్ట్‌ఫోన్ విదేశీ తాళంతో దిగింది. 2008 ఆగస్టు 22న ఎయిర్‌టెల్, వొడాఫోన్ ఐఫోన్ 3జీని భారత్‌లో విడుదల చేశాయి. 8 జీబీ ఫోన్ ధర 31,000 రూపాయలు. అమెరికాలో రెండేళ్ల ఒప్పందంతో అదే ఫోన్ 199 డాలర్లకు, అంటే అప్పటి మారకంలో తొమ్మిది వేల రూపాయల లోపే దొరికేది. అక్కడ తాళానికి బదులు రాయితీ ఉంది. ఇక్కడ పూర్తి ధర కట్టించుకుని కూడా తాళం వేశారు. ఇది న్యాయం కాదని కొనేవారికి వెంటనే అర్థమైంది. ఆ ఫోన్ ఇక్కడ ఆశించినంతగా అమ్ముడుపోలేదు. బ్లాక్‌బెర్రీ కూడా ఆపరేటర్ దగ్గర ప్రత్యేక ప్లాన్ వేయించుకుంటేనే మెయిల్ అందించేది. ఆండ్రాయిడ్ ఫోన్లు మాత్రం దుకాణంలో కొని ఏ సిమ్ అయినా వేసుకునే పాత పద్ధతిలోనే వచ్చాయి. ఇక్కడ అవి గెలవడానికి తక్కువ ధర ఎంత కారణమో ఇదీ అంతే.

అమెరికా నుంచి ఫోన్ తెప్పించుకోవడం తెలుగు ఇళ్లలో ప్రత్యేకంగా చెప్పుకోవలసిన అధ్యాయం. కొడుకో కూతురో సెలవులకు వస్తూ సూట్‌కేసులో తెచ్చిన ఫోన్‌కు ఏటీ అండ్ టీ తాళం ఉండేది. సిమ్ వేస్తే పలకదు. తాళం తీసే సాఫ్ట్‌వేర్ కోసం మళ్లీ ఆబిడ్స్‌కు, అమీర్‌పేటకు వెళ్లాల్సి వచ్చేది. వెరైజన్, స్ప్రింట్ ఫోన్లయితే వాటి సీడీఎమ్ఏ ఇక్కడ వేరు కనుక మరీ కష్టం. వినియోగదారులు తమ ఫోన్ల తాళం తీయించుకోవచ్చని 2014 ఆగస్టులో అమెరికా చట్టం చేసింది. జపాన్ 2021 అక్టోబర్ నుంచి సిమ్ తాళాలను నిషేధించింది. అక్కడి ప్రభుత్వాలు చట్టాలతో సాధించుకున్నది ఇక్కడ బజారు ఏనాడో ఇచ్చింది.

తాళం తీసినా మరో చిక్కు మిగిలింది. అది బ్యాండ్, అంటే నెట్‌వర్క్ నడిచే తరంగాల శ్రేణి. భారత్‌లో జీఎస్ఎమ్ 900, 1800 మెగాహెర్ట్జ్‌లలో నడిచింది. అమెరికాలో 850, 1900 వాడేవారు. నాలుగు బ్యాండ్లూ పట్టే ఫోన్లు వచ్చేదాకా అక్కడి ఫోన్ ఇక్కడ మూగదే. 3జీ, 4జీ వచ్చాక ఈ చిక్కు ముదిరింది. 2012 ఏప్రిల్‌లో ఎయిర్‌టెల్ కలకత్తాలో ప్రారంభించిన 4జీ 2300 మెగాహెర్ట్జ్‌లో, అంటే బ్యాండ్ 40లో నడిచింది. భారత్‌లో అమ్మిన ఐఫోన్ 5ఎస్‌లో ఆ బ్యాండ్ ఉంది. అమెరికాలో అమ్మిన అదే పేరు ఫోన్‌లో లేదు. పెట్టె ఒకటే, పేరు ఒకటే, లోపలి రేడియో వేరు. మోడల్ నంబరు చూడకుండా పేరు చూసి కొన్నవారు ఈ తేడా తెలియక నష్టపోయారు.

సర్కిళ్ల లెక్కలూ ఎంపికను శాసించాయి. 2010 వేలంలో ఆంధ్రప్రదేశ్ సర్కిల్ 3జీ స్పెక్ట్రమ్ ఎయిర్‌టెల్, ఐడియా, ఎయిర్‌సెల్‌లకు దక్కింది, వొడాఫోన్‌కు దక్కలేదు. వొడాఫోన్ వాడేవారికి ఇతరుల నెట్‌వర్క్ మీద 3జీ ఇచ్చేందుకు కంపెనీలు తమలో తాము ఒప్పందాలు చేసుకున్నాయి. టెలికం శాఖ అది చెల్లదంది. 2014 ఏప్రిల్‌లో టెలికం వివాదాల ట్రిబ్యునల్ కంపెనీల పక్షాన తీర్పు చెప్పింది. అదే ఏడాది జూన్ 2న రాష్ట్రం విడిపోయినా టెలికం సర్కిల్ మాత్రం విడిపోలేదు. లైసెన్సుల్లో ఆంధ్రప్రదేశ్ అంటే నేటికీ తెలంగాణ కూడా కలిసి ఉన్న ప్రాంతమే.

నంబరు పోతుందన్న భయం కంపెనీ మారకుండా జనాన్ని ఆపిన మరో కట్టు. పెళ్లి పత్రికల మీద, దుకాణం బోర్డుల మీద అచ్చయిన నంబరును ఎవరు వదులుకుంటారు? నంబరు మార్చకుండా నెట్‌వర్క్ మార్చుకునే సదుపాయం 2010 నవంబర్ 25న హర్యానాలో, 2011 జనవరి 20న దేశమంతటా మొదలైంది. 1900కు ఒక సందేశం పంపి ఆ మార్పు మొదలుపెట్టవచ్చు. 2015 జూలై నుంచి ఒక సర్కిల్ నుంచి మరో సర్కిల్‌కు కూడా నంబరు తీసుకెళ్లే వీలు కలిగింది. సిమ్ కార్డు తర్వాత భారత వినియోగదారుకు దక్కిన అతి పెద్ద హక్కు ఇదే.

భాష కూడా ఎంపికలో భాగమే, కానీ దాన్ని చాలాకాలం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. తొలి ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు సందేశం వస్తే ఖాళీ గళ్లు కనిపించేవి, లేదా ఒత్తులు విడిపోయి పక్కపక్కన పడేవి. అమ్మకు తెలుగులో రాసిన మాట ఆమె చేతిలోని ఫోన్ చదవలేకపోవడం చిన్న లోపం కాదు. భారతీయ ప్రమాణాల సంస్థ 2016లో రూపొందించిన ప్రమాణం దేశంలో అమ్మే ప్రతి ఫోన్‌లో 22 భాషలూ చదవగలిగేలా ఉండాలని నిర్దేశించింది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అక్షరం ఒక ప్రత్యేక కూర్పులో సందేశంగా వస్తే ఐఫోన్లు స్తంభించిపోయాయి. ఆపిల్ ఆ నెల 19న సవరణ విడుదల చేసింది. తెలుగు లిపి మీద సరిగా పరీక్షించకుండా ఫోన్లు అమ్ముతున్నారని ప్రపంచానికి తెలిసింది అప్పుడే.

2016 సెప్టెంబర్ 5న జియో వాణిజ్య సేవలు మొదలయ్యాక ఫోన్ ఎంపిక తీరు ఒక్కసారిగా మారిపోయింది. జియోకు 2జీ, 3జీ లేవు. మాట కూడా 4జీ మీదే, వోల్టీ పద్ధతిలో వెళ్లేది. కాల్స్ ఉచితం, తొలి నెలల్లో డేటా కూడా ఉచితం. దుకాణాల ముందు క్యూలు కట్టి సిమ్ తెచ్చుకున్నవారిలో చాలామందికి తమ 4జీ ఫోన్‌లో వోల్టీ లేదని ఆ తర్వాత తెలిసింది. అలాంటివారు జియో ఇచ్చిన యాప్ ద్వారా మాట్లాడాల్సి వచ్చింది. రెండు సిమ్‌ల ఫోన్లలో మరో మెలిక ఉండేది. మొదటి గూడులోనే 4జీ పనిచేసేది, రెండోది 2జీకి పరిమితం. ఏళ్లుగా వాడుతున్న నంబరును రెండో గూడులోకి నెట్టి జియోను ముందు పెట్టినవారు కోకొల్లలు. ఇంకొన్ని ఫోన్లలో రెండో సిమ్ పెడితే మెమరీ కార్డుకు చోటుండదు. దుకాణంలో అడిగే ప్రశ్న ఆ ఏడాది నుంచి మారింది: ‘కెమెరా ఎంత?’ అనే ముందు ‘జియో పడుతుందా?’ అని.

ఈ మార్పులో తెలుగు నేలకూ వాటా ఉంది. 2015 ఆగస్టులో షియోమీ భారత్‌లో తయారైన తన తొలి ఫోన్ రెడ్‌మీ 2 ప్రైమ్‌ను విశాఖపట్నంలో విడుదల చేసింది. శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారంలో దాన్ని కూర్చారు. ధర 6,999 రూపాయలు. తక్కువ ధరకు 4జీ ఫోన్ దొరకడం, ఏడాది దాటగానే జియో రావడం ఒకదానికొకటి తోడయ్యాయి.

2017లో జియో 1,500 రూపాయల డిపాజిట్‌తో కీప్యాడ్ ఫోన్ ఇచ్చింది. మాటతో ఆదేశాలిచ్చే వీలు, ఆ తర్వాత వచ్చిన యూట్యూబ్ వల్ల ఆ ఫోన్ చదువురాని ముసలివారికి సైతం అలవాటైంది. కానీ దాంట్లో జియో సిమ్ ఒక్కటే పనిచేసేది. 2003 నాటి హంగామా పద్ధతి మళ్లీ తొంగిచూసింది. కంపెనీలు కూడా తగ్గిపోయాయి. రిలయన్స్ కమ్యూనికేషన్స్, ఎయిర్‌సెల్ మూతపడ్డాయి. టాటాల మొబైల్ వ్యాపారం, టెలినార్ ఎయిర్‌టెల్‌లో కలిశాయి. 2018 ఆగస్టు 31న వొడాఫోన్, ఐడియా ఒక్కటయ్యాయి. ఫోన్ల దుకాణంలో వందల మోడళ్లు ఉన్నా లైన్ ఇచ్చేవి మూడు ప్రైవేటు కంపెనీలు, బీఎస్ఎన్ఎల్ మాత్రమే మిగిలాయి.

2022 అక్టోబర్ 1న 5జీ ప్రారంభమైంది. ఎయిర్‌టెల్ తొలి విడత ఎనిమిది నగరాల్లో హైదరాబాద్ ఒకటి. ఎయిర్‌టెల్ 4జీ ఆధారంతో నడిచే పద్ధతిని, జియో పూర్తిగా స్వతంత్రమైన పద్ధతిని ఎంచుకున్నాయి. రెండు పద్ధతులకూ ఫోన్‌లో వేర్వేరు మద్దతు కావాలి. 5జీ అని అట్ట మీద రాసిన ఫోన్లు చాలావరకు తయారీదారు నుంచి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చేదాకా ఆ సిగ్నల్ అందుకోలేదు. ఐఫోన్లకు అది డిసెంబర్‌లో వచ్చింది. అదే ఏడాది అమెరికాలో అమ్మిన ఐఫోన్ 14కు సిమ్ పెట్టే గూడే తీసేశారు. అందులో కార్డు లేకుండా ఫోన్‌లోనే ఎక్కించే ఈ-సిమ్ ఒక్కటే పనిచేస్తుంది. సూట్‌కేసులో వచ్చే ఫోన్‌కు ఇప్పుడు ఇక్కడి కంపెనీ ఈ-సిమ్ ఎక్కించాలి.

పాత ఫోన్ కొనేవారికి ప్రభుత్వమే ఒక సదుపాయం ఇచ్చింది. కేవైఎం అని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసి, ఖాళీ వదిలి, ఆ ఫోన్ ఐఎమ్ఈఐ నంబరు రాసి 14422కు పంపితే అది అసలుదో కాదో, దొంగిలించినదిగా నమోదైందో లేదో తెలుస్తుంది. జగదీశ్ మార్కెట్‌లోనైనా, ఊళ్లో కొట్టులోనైనా డబ్బు చేతికిచ్చే ముందు ఆ సందేశం పంపాలి.